తలుపు ముందుగా తట్టేది ఎవరు?

మా అవ్వకు పక్షవాతం వచ్చిన ఏడాది నేను కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాను. సెలవులకు మదనపల్లె దగ్గరి మా ఊరికి వెళితే, ఆమె నడవలో గోడకు చేరబడి, చేటలో బియ్యం పోసుకుని, ఎడమచేత్తో రాళ్ళు ఏరుతూ కనిపించింది. కుడిచేయి ఒడిలో ఊరికే పడి ఉంది. ఇంట్లో వాళ్ళంతా "ఊరికే కూర్చోరాదా" అని ఆమెను కసురుతున్నారు. నాకు కొత్తగా వంటబట్టిన విద్య కదా, ఊరుకోలేకపోయాను. అవ్వ కుడిచేతిని చేట అంచు మీద పెట్టి, "దీంతో అదిమి పట్టుకో, దాంతో ఏరు" అన్నాను. తర్వాత మావాళ్ళ వైపు తిరిగి, ఇది కూడా చికిత్సేననీ, మేము చదివేది ఇదేననీ చెప్పాను. అవ్వ తలెత్తి, "ఏం పాపా, బియ్యం ఏరేదానికి గూడా కాలేజీ ఉందా?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నాకు మాత్రం ఆ సెలవులు ముగిసేదాకా తల కొట్టేసినట్టుగానే ఉండింది.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. ఈ మాట చెప్పగానే "అంటే ఉద్యోగాలు ఇప్పిస్తారా?" అని అడిగినవారు నా లెక్కలో కొన్ని వందలమంది ఉంటారు. 'వృత్తి చికిత్స' అన్న అనువాదం ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచింది. నిజానికి మనకు సరైన మాట ఇంట్లోనే ఉంది: వ్యాపకం. "మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలమ్మా, లేకపోతే మంచం పట్టేస్తాడు" అని పెద్దవాళ్ళు అనే మాటలోని వ్యాపకమే ఈ ఆక్యుపేషన్. స్నానం చేయడం, చొక్కా తొడుక్కోవడం, కాఫీ కలుపుకోవడం, మనవడికి ఉత్తరం రాయడం, అన్నీ అందులోవే. జబ్బు చేసినప్పుడు చేజారిపోయిన ఈ పనులను తిరిగి చేతికి తెచ్చుకోవడంలో సాయపడడం మా పని.

ఈ మధ్య మా సంస్థలో కొత్తగా చేరిన ఒక అమ్మాయిని నెలరోజులపాటు నా వెంట తిప్పుకోవలసి వచ్చింది. చదువు పూర్తయి ఇంకా ఏడాది కాలేదు. మాది రోగుల ఇళ్ళకు వెళ్ళి చేసే కొలువు. మూడోరోజు కారులో కూర్చుని, "మేడమ్, ప్రతి ఇంటికీ నర్సో ఫిజియోథెరపిస్టో వెళ్ళొచ్చాకనే మనం వెళ్తున్నాం. మనం ముందు ఎందుకు వెళ్ళకూడదు?" అని అడిగింది. చట్టం ఒప్పుకోదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఇదే ప్రశ్న నేనూ అడిగాను, ఇదే జవాబు విన్నాను. ఈ వృత్తి పుట్టిందే ఇళ్ళలో అన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆమెకు నెమ్మదిగా చెప్పవలసినదాన్ని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది పెద్ద చిక్కే. మా పాఠ్యపుస్తకాలన్నీ పారిస్‌లో ఫిలిప్ పినెల్ పిచ్చివాళ్ళ సంకెళ్ళు తెంచిన దృశ్యంతో మొదలవుతాయి. (బిసెత్ర్ ఆసుపత్రిలో 1797లో ఆ సంకెళ్ళు విప్పించింది నిజానికి అక్కడి పర్యవేక్షకుడు పుస్సాఁ. వైద్యుడు కాకపోవడంవల్ల కాబోలు, ఆయన పేరు చిత్రపటాలకు ఎక్కలేదు.) నాకు మాత్రం ఇంగ్లండులోని యార్క్ నగరమే మొదలుగా కనిపిస్తుంది. 1790లో అక్కడి పిచ్చాసుపత్రిలో హన్నా మిల్స్ అనే క్వేకరు మహిళ చేరిన కొద్ది వారాలకే చనిపోయింది. ఆమెను చూడబోయిన తోటి క్వేకర్లను లోపలికి రానివ్వలేదు. టీ, కాఫీల వ్యాపారి విలియం ట్యూక్ ఆ సంగతి మనసులో పెట్టుకుని, తమవారికోసం వేరే చోటు కట్టాలని పూనుకున్నాడు. 1796లో తెరిచిన ఆ చోటును ఆసుపత్రి అనలేదు, అసైలం అనలేదు, 'రిట్రీట్' అన్నారు. సేదదీరే చోటు అనుకోవచ్చు.

ట్యూక్ మనవడు శామ్యూల్ 1813లో ఆ రిట్రీట్ గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో నన్ను కట్టిపడేసినవి వైద్యవిషయాలు కావు, చిన్న చిన్న ఇంటి సంగతులు. పెరళ్ళలో కుందేళ్ళనూ కోళ్ళనూ పెంచారట, రోగులు వాటితో కాలక్షేపం చేస్తారని. మగవాళ్ళు తోటపని చేసేవారు, ఆడవాళ్ళు కుట్టుపని చేసేవారు. అప్పుడప్పుడూ రోగులను తేనీటికి పిలిచేవారు; వాళ్ళు ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని, మర్యాదగా వచ్చి కూర్చునేవారు. మతి తప్పినవాడిని అతిథిలా పిలిస్తే అతడు అతిథిలాగే నడుచుకున్నాడు. దీని వెనుక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఒక ఇల్లు మనిషిచేత ఏమేం చేయిస్తుందో అదే అక్కడా చేయించారు.

ఆ తరువాతి వందేళ్ళ కథ అంత ముచ్చటైనది కాదు. రిట్రీట్‌ను చూసి ఫిలడెల్ఫియా క్వేకర్లు 1817లో తమదైన అసైలం తెరిచారు. మొదట్లో చిన్నవిగానే ఉన్న ఇలాంటి చోట్లు, ప్రభుత్వాలు కట్టిన అసైలాలు పెరిగేకొద్దీ వేల మంది కుక్కుకుని ఉండే గిడ్డంగులయ్యాయి. పని మాత్రం పోలేదు. రోగులు అసైలం చాకిరేవులో బట్టలుతికారు, అసైలం పొలం దున్నారు. పనివల్ల రోగికి ఏమి ఒరిగిందన్న ప్రశ్న పక్కకు పోయి, సంస్థకు ఎంత ఖర్చు తగ్గిందన్నది ముందుకు వచ్చింది. పని చికిత్స కావడానికీ వెట్టి కావడానికీ మధ్య గీత ఎంత సన్ననిదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

తిరిగి ఒక ఇంటితోనే కథ మలుపు తిరిగింది. జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ అమెరికాలో భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టు. క్షయ పట్టుకుంది. తర్వాత కాలికి మంచు దెబ్బ తగిలి శస్త్రచికిత్స దాకా వెళ్ళింది. దానిమీద ఎడమ పక్క చచ్చుబడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో చికిత్స పొంది, ఆసుపత్రి వదిలాక కూడా అదే ఊళ్ళో ఒక పాత ఇల్లు తీసుకున్నాడు. చచ్చుబడిన చేతికి పనిముట్లు పట్టించి ఆ ఇంటిని బాగుచేసుకున్నాడు, తోట వేసుకున్నాడు. ఇల్లు బాగుపడేకొద్దీ తానూ బాగుపడ్డాడు. 1914లో దానికి 'కన్సొలేషన్ హౌస్' అని పేరు పెట్టి, తనలాంటి వారికోసం తలుపులు తెరిచాడు. ఓదార్పు ఇల్లు! పేరు వింటే ఇప్పుడు కొంచెం నాటకీయంగా తోస్తుంది కానీ, ఆ మనిషి పడిన పాట్లు తెలిశాక నవ్వు రాదు.

1917 మార్చి 15న ఆ ఇంట్లోనే ఆరుగురు కూర్చుని అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీకి తొలి జాతీయ సంఘాన్ని స్థాపించారు. బార్టన్, మానసిక వైద్యుడు విలియం రష్ డంటన్, షికాగో హల్ హౌస్‌లో శిక్షణ పొందిన ఎలినార్ క్లార్క్ స్లేగిల్, చేతిపనులు నేర్పే సుసాన్ కాక్స్ జాన్సన్, కెనడానుంచి వచ్చిన థామస్ కిడ్నర్, బార్టన్ కార్యదర్శి ఇసబెల్ న్యూటన్. (ఈమె తరువాత ఆయన భార్య అయింది.) 1910లోనే రోగుల వ్యాపకాల మీద నర్సులకోసం పుస్తకం రాసిన సుసాన్ ట్రేసీ రాలేకపోయింది. ఆరుగురిలో వైద్యుడు ఒక్కడే అన్నది గమనించండి. ఇంటి ముందు నిలబడి వారు దిగిన ఛాయాచిత్రం మా వృత్తిలో ప్రతి ఒక్కరూ చూసే ఉంటారు. అయితే ఆ వెనుక ఉన్నది ఆసుపత్రి కాదని, ఒక మామూలు ఇల్లని నేను గమనించింది ఎన్నో ఏళ్ళ తరువాత.

మరి ఇంట్లో పుట్టిన పని ఆసుపత్రికి ఎలా చేరింది? యుద్ధం తీసుకుపోయింది. సంఘం పెట్టిన మూడు వారాలకే అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. 1918నుంచి 'రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్' అన్న పేరుతో ఎందరో స్త్రీలు సైనిక ఆసుపత్రులలో గాయపడిన సైనికులచేత అల్లికలు, చెక్కపనులు చేయించారు. యుద్ధం ఈ వృత్తికి గుర్తింపు తెచ్చింది, దానితోపాటు యూనిఫారమూ తెచ్చింది. 1935లో ఈ విద్య నేర్పే పాఠశాలలకు ప్రమాణాలు నిర్ణయించే బాధ్యతను అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చేపట్టింది. అప్పటినుంచి వైద్యుడు రాసిన చీటీ, కొలతలు, కండరాల బలం, కీళ్ళ వంపు ఇవన్నీ ముందుకు వచ్చాయి. దీన్ని నేను తప్పుపట్టను. ఆ గౌరవమే లేకపోతే నావంటి మధ్యతరగతి పిల్ల చదవడానికి ఈ చదువు మన దేశందాకా వచ్చేది కాదు.

వచ్చిన దారి కూడా చిత్రమైనదే. అమెరికాలో క్వేకరు కుటుంబంలో పుట్టిన ఎలిజబెత్ లుండీ విష్ణు నింబ్కర్‌ను పెళ్ళాడి, 1930లో మన దేశానికి వచ్చి కమలా నింబ్కర్ అయింది. 1940లలో తిరిగి అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియాలో ఆక్యుపేషనల్ థెరపీ చదువుకుని వచ్చి, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మన దేశపు తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు పది వ్యవస్థాపక దేశాలలో భారతదేశం ఉందంటే అది ప్రధానంగా ఆమె చలవే. యార్క్ క్వేకర్ల ఆలోచన నూట యాభై ఏళ్ళకు మరో క్వేకరు ఇంటి ఆడపడుచు చేతుల మీదుగా పరేల్‌కు చేరింది! అదే రోజుల్లో, 1951లో, వేలూరులో పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల కోసం 'నవజీవ నిలయం' పెట్టాడు. శస్త్రచికిత్సతో బాగుచేసిన చేతులు వాళ్ళకు మళ్ళీ అన్నం పెట్టాలని వడ్రంగం నేర్పించాడు. అక్కడ కట్టినవి వార్డులు కావు, పల్లె గుడిసెలు. చిత్తూరు జిల్లానుంచి వేలూరుకు బస్సులో వెళ్ళివచ్చే మావాళ్ళకు ఆ ఆసుపత్రి ఎప్పుడూ పరాయిది కాదు. అయినా ఈ సంగతి నేను చదువుకునే రోజుల్లో నాకెవరూ చెప్పలేదు.

మా కళాశాలలో మాకు వేదం లాంటి పుస్తకం ఒకటి ఉండేది: విల్లార్డ్, స్పాక్‌మన్ కలిసి 1947లో మొదటిసారి వెలువరించినది. నా దగ్గర ఉన్నది సీనియర్ల నుంచి కొన్న జిరాక్సు ప్రతి. బొమ్మలన్నీ నల్లటి మచ్చలు. హెలెన్ విల్లార్డ్, క్లేర్ స్పాక్‌మన్ ఇద్దరూ ఫిలడెల్ఫియా పాఠశాలలో పనిచేసినవారే. కమలా నింబ్కర్ ఆ ఊరినుంచి ఇటు వచ్చింది. 2003లో నేను అదే ఊరి పొలిమేరలకు అటు వెళ్ళాను. ఈ పోలిక ఇప్పుడు రాయడానికి బాగుంది కానీ, వెళ్ళిన రోజున నా తలలో ఉన్నది పెట్టె బరువు, ఇంటి అద్దె, అంతే.

రెండేళ్ళు వృద్ధుల నర్సింగ్‌హోమ్‌లో పనిచేశాక, 2005లో ఇళ్ళకు వెళ్ళే కొలువులో చేరాను. ఇక్కడినుంచి ఆ అమ్మాయి నవ్వుకోవడానికి పనికొచ్చే భాగం.

నర్సింగ్‌హోమ్‌లో అన్నీ కొలిచి కట్టినవి: వెడల్పాటి తలుపులు, గోడ పొడవునా పట్టుకమ్మీలు, చక్రాల కుర్చీ దూరే స్నానాలగది. ఫిలడెల్ఫియా వరస ఇళ్ళు అలాంటివి కావు. రెండు పక్కలా గోడలు పొరుగువారితో ఉమ్మడి. కింద ముందుగది, వంటిల్లు; స్నానాలగది మేడ మీద; మెట్లు మనిషి భుజాల వెడల్పు. చాలా ఇళ్ళలో కింది అంతస్తులో చిన్న మరుగుదొడ్డి కూడా ఉండదు. తుంటి ఎముక విరిగి వచ్చిన మనిషి ముందుగదిలో మంచం వేయించుకుని, మేడవైపు చూస్తూ కూర్చుంటాడు. నేను టేపు పట్టుకుని తలుపు కొలిస్తే, నేను వేయదలచుకున్న ప్రణాళిక ఆ తలుపులో దూరదు.

నా కారు డిక్కీ అప్పట్లో పాతసామాను దుకాణంలా ఉండేది. తొట్టిలోకి జరగడానికి బల్ల, పొడుగు పిడి ఉన్న స్పాంజి, కింద పడినవి అందుకునే చిమ్టా, వంగకుండా మేజోళ్ళు తొడిగే సాధనం. ఇవన్నీ ఎందుకంటే, మెడికేర్ మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీకి డబ్బులిస్తుంది కానీ, స్నానపు బల్లకూ గోడ పట్టుకమ్మీకీ ఇవ్వదు. అవి సౌకర్యాల లెక్కలోకి వస్తాయట. కనుక కమోడ్ కుర్చీ అడుగున ఉన్న బకెట్ తీసేసి, దాన్ని మామూలు టాయిలెట్ మీద అమర్చి, ఎత్తైన ఆసనంగానూ పక్క చేతులుగానూ వాడుకోవడం మేము ముందుగా నేర్చుకునే కిటుకు. ఇది ఏ పుస్తకం నేర్పలేదు. తోటి థెరపిస్టు ఒకావిడ పార్కింగ్ స్థలంలో నిలబడి చెప్పింది.

ఇంకో ఇబ్బంది చెప్పుకుంటే మీకు నవ్వొస్తుంది. గడప దగ్గరికి రాగానే నా కాళ్ళు వాటంతట అవే చెప్పులు విడిచేవి. కింద ఏముంటుందో తెలియదు, బూట్లు విప్పకూడదని మా సూపర్‌వైజర్ రెండుసార్లు మందలించింది. ఒకరి వంటింట్లోకి బూట్లతో నడవడం అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది. పూర్తిగా అలవాటైందని ఇప్పటికీ చెప్పలేను.

మొదటి నెలలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. పక్షవాతం, కుడిచేయి బలహీనం. నేను పుస్తకం ప్రకారం చొక్కా తొడుక్కోవడం నేర్పబోయాను: ముందు బలహీనమైన చేయి, తర్వాత మంచి చేయి. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. భార్య నన్ను వంటింట్లోకి పిలిచి, చొక్కా సంగతి తాను చూసుకుంటుందనీ, అందులో తనకేమీ కష్టం లేదనీ, ఆయన బెంగ నేలమాళిగలో ఉన్న బల్ల గురించనీ చెప్పింది. పాత రేడియోలు బాగుచేయడం ఆయన వ్యాపకం. పదమూడు మెట్ల కింద బల్ల, పైన ఆయన. మరుసటి వారం ఆమె అనుమతితో బల్లకు బిగించే పట్టుగీరను, అంటే వైస్‌ను, పైకి తెచ్చి వంటింటి బల్లకు బిగించాం. రేడియోను అది పట్టుకుంటుంది, ఎడమచేయి స్క్రూడ్రైవర్ తిప్పుతుంది, కుడిచేయి మరలను కదలకుండా అదిమిపెడుతుంది. నలభై నిమిషాలు ఆయన లేవలేదు.

ఆ రోజు నా నివేదికలో 'కుడిచేతి బలానికీ సూక్ష్మ చలనాలకూ అభ్యాసం' అని రాశాను. అది అబద్ధం కాదు. కానీ రేడియో మాట రాయలేదు. రాస్తే ఇది చికిత్సా, కాలక్షేపమా అని ఎవరైనా అడుగుతారని భయం. మా అవ్వ అడిగిన ప్రశ్నే అది, కాకపోతే ఈసారి అడిగినదాన్ని నేనే.

ఇప్పుడు చట్టం దగ్గరికి వస్తాను. 1965 జులై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో వృద్ధులకు మెడికేర్ భీమా వచ్చింది. ఇంటికి వచ్చి చేసే సేవలు కూడా అందులో చేరాయి. ఆ సేవలు ఒక మనిషికి మొదలవ్వాలంటే, ఒంటరిగా ఇల్లు కదలలేని స్థితితోపాటు నర్సు అవసరమైనా, ఫిజియోథెరపీ అయినా, మాటకు సంబంధించిన చికిత్స అయినా ఉండాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి తలుపు తెరిస్తే, వెనుక మేము వెళ్ళవచ్చు. మా అవసరం ఒక్కటే ఉంటే తలుపు తెరుచుకోదు. చిత్రమేమిటంటే, ఒకసారి లోపలికి వెళ్ళాక, తక్కినవారి పని పూర్తయి వెళ్ళిపోయినా మేము కొనసాగవచ్చు. ఉండడానికి అర్హత ఉంది, మొదలుపెట్టడానికి లేదు. 1980 డిసెంబరులో కాంగ్రెస్ ఈ లోపాన్ని సవరించి మమ్మల్ని కూడా ఆ జాబితాలో చేర్చింది. 1981 ఆగస్టులో, రీగన్ కాలపు ఖర్చుల కోతలో, అదే కాంగ్రెస్ తీసేసింది. ఏడాదైనా నిలవలేదు.

ఆ చట్టం రాసేనాటికే, మనిషి ఇంట్లో బతకగలడా లేదా అన్నదాన్ని కొలవడం వైద్యశాస్త్రం మొదలుపెట్టింది. క్లీవ్‌లాండ్ వైద్యుడు సిడ్నీ కాట్జ్ 1963లో ఆరు పనులను ఎంచాడు: స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం దిగడం, మలమూత్రాల అదుపు, తినడం. 1969లో ఫిలడెల్ఫియాలో లాటన్, బ్రోడీ అన్నవారు మరో ఎనిమిది చేర్చారు: టెలిఫోను, కొనుగోళ్ళు, వంట, ఇంటిపని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు. ఇందులో ఒక తమాషా ఉంది. చాలాకాలంపాటు మగవాళ్ళకు వంట, ఇంటిపని, ఉతుకుడు లెక్కించేవారు కాదు, ఐదింటికే మార్కులు. వంట రాని మగవాడు అశక్తుడు కాడన్నమాట! (మా నాన్నకు చెబితే చాలా సంతోషించారు.) ఇక మన ఊళ్ళలో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకు కూర్చుని లేవడం, కత్తిపీట ముందు వంగడం ఈ పద్నాలుగింటిలో ఎక్కడా లేవు. అవ్వకు పోయినవి సరిగ్గా అవే.

బ్రిటన్‌లో దారి వేరుగా సాగింది. 1930లో బ్రిస్టల్‌లో తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల డార్సెట్ హౌస్‌ను స్థాపించిన ఎలిజబెత్ కాసన్, వైద్యురాలు కాకముందు ఆక్టేవియా హిల్ దగ్గర లండన్ పేదల ఇళ్ళ నిర్వహణ చూసినావిడ. 1970లో వచ్చిన వికలాంగుల చట్టం ఇళ్ళలో అవసరమైన మార్పులు చేయించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. దానితో మా తోటివారికి అక్కడ మునిసిపల్ కార్యాలయాలలోనే కుర్చీలు పడ్డాయి. నాకు కొంచెం అసూయగానే ఉంటుంది.

2006లో జరిగిన ఒక విషయం రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. ఎనభై దాటిన ఒంటరి స్త్రీ. కంటి మధ్యభాగం చూపు పోయింది. నడక బాగానే ఉంది, గుండె బాగానే ఉంది, పుండ్లు లేవు. తోడు లేకుండా వీధిలోకి వెళ్ళలేదు. వంట మాత్రం మానలేదు. కూతురు ఆందోళనపడి వైద్యుడికి చెబితే ఆయన ఆక్యుపేషనల్ థెరపీ అని ఒక్కమాట రాసి పంపాడు. కాగితం మా కార్యాలయానికి వచ్చింది. తలుపు తెరిచే మూడింటిలో ఏదీ లేదు కనుక తిరిగి వెళ్ళిపోయింది. ఆ కాగితం నేను చూశాను. వైద్యుడికి ఫోను చేసి, చూపు సరిగా లేని మనిషి పడిపోయే ప్రమాదం ఉందేమో ఫిజియోథెరపిస్టుచేత కూడా ఒకసారి చూపించమని అడగవచ్చునని అప్పటికి నాకు తెలుసు. కొత్తదాన్ని, అధికప్రసంగం అనుకుంటారేమోనని అడగలేదు.

ఏడు వారాలకు అదే పేరు మళ్ళీ నా జాబితాలో కనిపించింది. పొయ్యి మంట ఎంత ఉందో కనబడక కుడి ముంజేయి కాల్చుకుంది. గాయానికి కట్టు కట్టడానికి నర్సు కావాలి. నర్సు వచ్చింది కనుక తలుపు తెరుచుకుంది, నర్సు వెనకాల నేను వెళ్ళాను. పొయ్యి మరల మీద 'ఆపు' దగ్గర ఒకటి, 'మధ్యస్థం' దగ్గర ఒకటి, వేలికి తగిలే ఉబ్బెత్తు చుక్కలు అంటించాను. ఉల్లిపాయలు కోయడానికి నల్లని చెక్క, ఆకుకూరకు తెల్లని చెక్క. బల్లమీది దీపాన్ని భుజం వెనకనుంచి పక్కకు మార్చాను. పొయ్యి దగ్గర నిలబడేటప్పుడు పొడుగుచేతుల స్వెట్టరు వద్దన్నాను. మొత్తం మూడు సందర్శనలు. ఆ చుక్కల కాగితం ఖరీదు నాలుగైదు డాలర్లు ఉంటుంది. ఆమె చుక్క మీద వేలుపెట్టి తిప్పి చూసుకుని, "ఇది ముందే అంటించి ఉంటే బాగుండేది కదా" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. నేను చట్టం సంగతి ఎత్తలేదు. నా ఫోను సంగతీ ఎత్తలేదు.

ఆ తర్వాతి ఏళ్ళలో కొన్ని మార్పులు వచ్చాయి. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ నర్సింగ్ ఆచార్యురాలు సారా జాంటన్ 'కేపబుల్' అనే పథకం రూపొందించింది. ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఒక నర్సు, ఒక చేతిపనివాడు, ఈ ముగ్గురూ వృద్ధుల ఇళ్ళకు వెళతారు. ఏ పని కావాలో ఇంటివారే చెబుతారు. చేతిపనివాడు మెట్లకు కమ్మీ బిగిస్తాడు, ఊగే గచ్చు సరిచేస్తాడు. వడ్రంగిని కూడా వైద్యబృందంలో చేర్చడం చూసి బార్టన్ ఎంతో సంతోషించేవాడు. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మా వృత్తిని కేంద్రస్థాయిలో గుర్తించింది. ఇంటికి పిలిపించుకునే ఖర్చు మాత్రం చాలావరకు రోగి జేబులోదే.

మెడికేర్ విషయంలో 2022 జనవరి 1నుంచి ఒక చిన్న కిటికీ తెరిచారు. నర్సు అవసరం లేకుండా, ఫిజియోథెరపీతోనో మాటల చికిత్సతోనో పాటు మా సేవ కూడా వైద్యుడు రాస్తే, మొట్టమొదటి సందర్శన మేము చేయవచ్చు. అర్హత ఇప్పటికీ మావల్ల రాదు. మేము ఒక్కరమే ఉంటే ఇప్పటికీ కాగితం తిరిగి వెళుతుంది. కానీ తలుపు ముందుగా తట్టవచ్చు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆ అవకాశం నాకు వచ్చింది. పెద్దాయన ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన నలభై ఎనిమిది గంటల్లో ఎవరో ఒకరు వెళ్ళాలి. ఫిజియోథెరపిస్టుకు ఖాళీ లేదు. నేను వెళ్ళి గంట కొట్టాను. తలుపు తీసినవాడు నన్ను ఎగాదిగా చూసి "నర్సువా?" అన్నాడు. కాదన్నాను. "ఫిజియోనా?" కాదన్నాను. "మరి?" అన్నాడు. లోపలికి వచ్చి చెబుతానని, వంటిల్లు ఎటువైపని అడిగాను. కాఫీ కలుపుకుంటూ ఉండగా ఆయన ఎంత సేపు నిలబడగలడో, ఏ చేయి ఎంత పైకి వెళుతుందో, మందుల డబ్బా ఎక్కడ పెట్టాడో అన్నీ తెలిశాయి.

ఆ తర్వాత ఫారాలు. మొదటి సందర్శన చేసినవారే పూరించవలసిన ప్రశ్నావళి అది. ఇరవై ఏళ్ళుగా నర్సులు పూరిస్తుంటే పక్కన కూర్చుని చూశానే కానీ చేయిపెట్టింది లేదు. పూర్తయ్యేసరికి రెండున్నర గంటలు పట్టింది, కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది. నర్సులు ఇన్నేళ్ళుగా ఎందుకు విసుక్కునేవారో తెలిసివచ్చింది. వచ్చే వారం ఆ అమ్మాయిచేత మొదటిసారి అదే ఫారం పూరింపజేయాలి. మధ్యాహ్నం తరువాత ఇంకే ఇల్లూ పెట్టుకోవద్దని ముందే చెప్పి ఉంచాను.